అతుకుల తనిఖీ

సిరిపురం జంక్షన్ దాటాక, రెండో అంతస్తులో
ఎర్ర లాంతర్ల హోటల్.
మెట్ల మీద జనం, కింద ఫుట్‌పాత్ మీద జనం,
ఎవరివో స్కూటర్ల సీట్లెక్కి కూర్చున్న జనం.
మా టోకెన్ నలభై ఒకటి.
లోపల పిలుస్తున్నది పంతొమ్మిది.

"ఇంతమంది నిలబడ్డారంటే బాగానే ఉంటాదిరా"
అన్నాడు నూకరాజు.
మూడో ఆదివారం కూడా అదే మాట.
"ఈపాలి వంటోడు మారుంటాడు."

నూకరాజు ఇరవై ఏడేళ్లు ఓడల్లో గరిటె తిప్పాడు.
నేను ముప్ఫై రెండేళ్లు షిప్‌యార్డులో
వెల్డింగ్ అతుకులు తనిఖీ చేశాను.
ఆకలికి వచ్చినవాళ్ల మధ్య
మేమిద్దరం పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్లం.

అతని డిమ్‌సమ్ నాకు కంఠతా వచ్చు.
హాంకాంగ్ రేవు. తెల్లవారుజాము.
చక్రాల బండి తోసుకొచ్చే ముసలమ్మ.
వెదురు మూత తియ్యగానే ముఖాన కొట్టే ఆవిరి.
పొరలోంచి రొయ్య గులాబీ రంగులో కనిపించాలి,
దీపం ముందు పసిపిల్ల చెవితమ్మెలాగ.
మడతలు పదమూడు.
పన్నెండైతే వంటోడికి తొందర,
పద్నాలుగైతే వాడికి పొగరు.
లాసన్స్ బే గట్టు మీద ఇది వింటూ
నేను ఎన్ని బస్తాల వేరుశెనక్కాయలు నమిలానో.

మొదటి ఆదివారం
బుట్ట అడుగు కాగితానికి అంటుకుపోయాయి.
పుల్లలతో ఎత్తితే చొక్కా అక్కడే ఉండిపోయి
రొయ్య ఒక్కటే సిగ్గుపడుతూ పైకొచ్చింది.

రెండోసారి పైన పొగ, మధ్యలో మంచు.
కుర్రాణ్ణి పిలిచి చెప్పాం.
బుట్ట తీసుకెళ్లాడు, అదే బుట్ట తెచ్చాడు.
మూత మాత్రం మార్చాడు.
పక్క టేబుల్ వాళ్లు ఆవిరి ఆరిపోయేదాకా ఫొటోలు తీసి
ఎర్ర సాసులో ముంచుకుని "సూపర్" అన్నారు.
అబద్ధమాడలేదు వాళ్లు.
సాసు బాగుంది.

ఇవాళ కళ్లజోడు సర్దుకుని వంగి చూశాను.
పాత అలవాటు.
మడతలు ఏడు.
ఎడమ పక్క అతుకు విచ్చుకుని నీళ్లు కారుతోంది.
ఇలాంటి అతుకుని నేను సముద్రంలోకి పోనిచ్చేవాణ్ణి కాదు.
చుట్టూ సుద్దతో సున్నా గీసి వెనక్కి పంపేవాణ్ణి.

నూకరాజు నమిలాడు. చాలాసేపు నమిలాడు.
"రొయ్య మందేరా, హార్బర్‌దే.
ఐసులో శానా నెలలు పడుకుంది పాపం."
నాలుగు కిలోమీటర్లు రావడానికి!

బిల్లు పదకొండు వందల నలభై.
సోంపు మాత్రం ఉచితం.

మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయాడు.
గోడకేసి చూస్తూ అన్నాడు:
"నీకో మాట సెప్పనేదురా.
ఆ పొద్దు నాను తిన్నది రెండే.
జీతం ఇంకా సేతికి రానేదు. ముసల్ది ఊరికే ఎట్టింది.
అంతకు ముందు మూడ్రోజులు తుపాను,
కడుపులో నీళ్లు కూడా నిలవనేదు.
మడతలెవడు లెక్కెట్టాడు?
ఆ పదమూడు... తరవాతెవడో సెప్పేడు."

నలభై ఏళ్ల కథలో
అతుకు ఎక్కడ వదిలిందో వెతకబోయి
మానేశాను.
జేబులో సుద్దముక్క లేదు.

కింద కుర్రాడు అరుస్తున్నాడు,
అరవై ఎనిమిది, అరవై ఎనిమిది.
మెట్లెక్కుతున్న ఒకమ్మాయి
టోకెన్ ఊపుకుంటూ ఆగి అడిగింది,
"అంకుల్, బాగుంటాయా ఇక్కడ?"

నూకరాజు గొంతు సవరించుకున్నాడు.
రెయిలింగ్ వదిలి నిటారుగా నిలబడ్డాడు.
"పొరలోంచి రొయ్య అవుపించాలమ్మా..."

నేను ఇంకో మెట్టు దిగి
అతను వచ్చేదాకా ఆగాను.